మలుపు దగ్గరి పసుపురాయి

నేను ఒక లోయను. నాలో ఏరు ఉంది, తడి లేదు. కొండలున్నాయి, వాటిని ఎక్కినవాడు లేడు. పొద్దున్నే మంచు కమ్ముతుంది కానీ చలి వేయదు. నా మధ్యగా ఒక రైలుపట్టా వంకర తిరుగుతూ పోతుంది. దాని మీద నిజమైన రైలు ఒక్కసారి కూడా నడవలేదు. నన్ను కంప్యూటర్లో తయారు చేశారు. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం పుట్టిన దగ్గర నుంచీ భయమే.

మొదటి భయం కరెంటు. హైదరాబాదులో ఒక ఆఫీసులో రోహిణి అనే అమ్మాయి నన్ను మొదలుపెట్టినప్పుడు నేను ఉత్త బూడిదరంగు దుప్పటిని. ఆమె మౌసుతో ఒకచోట పైకి లాగితే కొండ, ఇంకోచోట నొక్కితే పల్లం. మధ్యలో లైట్లు రెపరెపలాడాయంటే "అయ్యో, సేవ్ చేయలేదు!" అని తల పట్టుకునేది. నా పైప్రాణాలు పైనే పోయేవి. ఒకసారి మధ్యాహ్నం నా తూర్పు కొండ మొత్తం అలాగే పోయింది. ఆమె టీ తాగి వచ్చి, తిట్టుకుంటూ, మళ్లీ లాగింది. మొదటి కొండ ఏమైందని ఎవరూ అడగలేదు.

నాకో అసలు లోయ ఉంది. విశాఖ దాటాక కొండల్లోకి పోయే గూడ్సు రైళ్ల దారిలో. రోహిణి దాన్ని చూడలేదు. ఇంజను కిటికీలోంచి తీసిన వీడియో ఒకటి ఆమెకు పంపారు. దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి నన్ను అల్లింది. ఒక్క చెట్టు చేసి, దాన్నే వేలసార్లు నాటి, ఒక్కోదాన్ని ఒక్కో వైపు తిప్పింది. ఎండ పెట్టింది, ఏటికి మెరుపు పెట్టింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలి పెదవి విరిచింది.

"మరీ అందంగా ఉంది. ఎవరు నమ్ముతారు?" అంది.

ఆ రోజు నుంచి నన్ను పాడుచేయడం మొదలుపెట్టింది. ఆకులకు దుమ్ము పట్టించింది. పట్టాల పక్కలకు తుప్పు పూసి, పైభాగం మాత్రం చక్రాల రాపిడికి మెరిసేలా వదిలింది. కంకరలో గుట్కా పొట్లాలు చల్లింది, ఒక తెగిన చెప్పు పడేసింది. మనుషుల సంగతి నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. చెత్త కనిపిస్తే తప్ప లోకం నిజమని వీళ్లకు నమ్మకం కుదరదు.

వీడియోలో, ఏరు దాటాక వచ్చే గుడ్డి మలుపు దగ్గర, పట్టా పక్కనే మోకాలెత్తు రాయి ఒకటి కనిపించింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, పైన వాడిన బంతిపూల దండ. ఎవరో గ్రామదేవత అనుకుంది రోహిణి. "ఇది భలే ఉంది" అని, శ్రద్ధగా చేసి, అదే చోట పెట్టింది. నాలో మనుషులు ఎవరూ లేరు. ఎవరో పనిగట్టుకుని వచ్చి వెళ్లినట్టు కనిపించేది ఆ ఒక్కచోటే. ఎందుకో అక్కడ నాకు దిగులుగా ఉండేది.

ఆ తరువాత నన్ను రైళ్లు నడిపే లోకో పైలట్ల శిక్షణ కేంద్రానికి పంపారు. అక్కడ ఇంజను క్యాబిన్ లాంటి ఇనుప గది. లోపల నిజమైన బ్రేకులు, నిజమైన మీటలు. కిటికీల స్థానంలో తెరలు, తెరల మీద నేను. బయట ఇమ్మానుయేలు గారనే శిక్షకుడు కూర్చునేవారు. ఆయన ముందు కొన్ని బొత్తాలు. ఒకటి నొక్కితే నా మీద కుంభవృష్టి, ఇంకోటి నొక్కితే పట్టా మీద గేదెలు. పాపం చాలా మెత్తని మనిషి, చీమకు కూడా అపకారం చేయరు. నన్ను మాత్రం పూటకోసారి ముంచేవారు. నేర్చుకునేవాళ్లకు చెమటలు పట్టాలి కదా, దానికోసం.

అక్కడికే గౌరునాయుడు వచ్చాడు. నడివయసు దాటిన డ్రైవరు. బండి కింద ఒక మనిషి పడ్డాక కొన్నాళ్లు సెలవులో ఉన్నాడు. నా మీద ఒక్కసారి ఆగకుండా, తప్పు లేకుండా నడిపితే మళ్లీ లైనుకు పంపుతారు. నడపలేకపోతే ఇక ఇంజను ఎక్కనివ్వరు, ఆఫీసులో కూర్చోబెడతారు. ఆ మాట ఇమ్మానుయేలు గారు ఆయనకు నెమ్మదిగానే చెప్పారు. గౌరునాయుడు తలూపి మీట పట్టుకున్నాడు. ఆ చెయ్యి చూస్తే నాకు ధైర్యం వచ్చింది, అంత నిలకడగా ఉంది.

ఏరు దాటాడు. మలుపు తిరిగాడు. అంతే, ఎమర్జెన్సీ బ్రేకు.

నాలో అన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కూతకు ఎగిరిన పిట్టలు గాల్లోనే ఆగాయి. గౌరునాయుడు మీట వదల్లేదు. మెడ మీద చెమట ధారగా కారుతోంది.

ఇమ్మానుయేలు గారు తలుపు తీసుకుని వచ్చారు. "ఏమైందయ్యా? సిగ్నల్ పచ్చగానే ఉంది కదా?"

"ఆ రాయేటి సార్?"

"ఏ రాయి?"

"మలుపులో. పసుపు రాసున్నాది. ఎవులు పెట్టేరు?"

"కంప్యూటర్ బొమ్మయ్యా అది."

"బొమ్మైతే సరిగ్గా ఆ మలుపులోనే ఎందుకున్నాది? నన్ను పరీక్ష సేయడానికి పెట్టేరా?" అది కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

మర్నాడు మళ్లీ ప్రయత్నించాడు. ఏరు దగ్గరకు వస్తుంటే నాకే వణుకు పుట్టింది. ఆయన కళ్లు చూస్తున్నాను. తెరకు ఆ సౌకర్యం ఉంది, చూసేవాడి ముఖమే దానికి ఎదురుగా ఉంటుంది. మలుపులో నేనేమీ చేయలేను. ఆ రాయిని దాచుకోలేను. మళ్లీ బ్రేకు పడింది. ఇక ఒక్క అవకాశమే ఉందని ఇమ్మానుయేలు గారు చెప్పి, రోహిణికి ఫోన్ చేశారు.

రోహిణి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. సంగతి విని ముఖం పాలిపోయింది. "వీడియోలో ఉందని పెట్టానండీ. అమ్మవారనుకున్నాను. నిజంగా తెలియదు."

"నాకూ తెల్దమ్మా" అన్నాడు గౌరునాయుడు. "ఆ తర్వాత నేనటు ఎల్లనేదు. ఆ మనిసి తాలూకోళ్లు అక్కడ రాయి పెట్టుకున్నారని నీ బొమ్మలోనే సూసేను." మలుపు వైపు వేలు చూపించాడు. "పొద్దున్నే మంచు. పట్టా మీద ఒక ఆడమనిసి, నెత్తి మీద కొండసీపురు మోపు. మలుపు తిరిగినాకే కూతేసేను, ముందు కూయమని అక్కడ బోర్డు నేదు. ఇటు తిరిగి సూసింది. నేనూ సూసేను. బ్రేకేసేను గానీ, బండి ఆగొద్దా అమ్మా?"

రోహిణి రాయి మీద నొక్కింది. దాని చుట్టూ నారింజరంగు గీత వెలిగింది. వేలు డిలీట్ మీటకు వెళ్లింది. "తీసేస్తానండీ. ఇప్పుడే."

"ఉండమ్మా." ఆయన ముందుకు వంగాడు. "దగ్గరికెల్లి సూడొచ్చా?"

క్యాబిన్‌లోంచి కుదరదు. ల్యాప్‌టాప్‌లో ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఆమె ఆయన్ని పట్టా మీంచి దించి, కంకర మీదుగా రాయి వైపు తీసుకుపోయింది. నా భయం అప్పుడు చెప్పనలవి కాదు. ఎందుకంటే నేను పట్టా వైపు నుంచి చూసేందుకే పుట్టాను. ఆ రాయికి వెనక వైపు లేదు. ఆ చెట్లకు అటు పక్క లేదు. ఇంకో రెండడుగులు వేస్తే ఆయనకు కనిపించేది ఉత్త శూన్యం.

ఆయన అంత దూరం పోలేదు. ఎదురుగా ఆగి, వంగి చూశాడు. దగ్గరగా చూస్తే పసుపు అలుక్కుపోయిన మరకే.

"పేరేటైనా రాసున్నాదా?"

"వీడియోలో ఇంతే కనిపించిందండీ" అంది రోహిణి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే నేనే ఎల్లి సూస్తాను" అని లేచాడు గౌరునాయుడు.

ఆయన వచ్చేదాకా నేను పడ్డ బాధ నాకే తెలుసు. ఆ ఊరివాళ్లు ఏమంటారో, కొడతారేమో, అసలు తిరిగి వస్తాడో రాడో. ఈలోగా ఇమ్మానుయేలు గారు ఎవరెవరినో నా మీద నడిపించారు. వాళ్లంతా రాయిని దాటి హాయిగా పోయారు.

చివరికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఏం జరిగిందని ఇమ్మానుయేలు గారు అడిగితే, "ఆయమ్మ కూతురు తల్లి పేరు సెప్పి, మంచినీల్లిచ్చింది సార్" అని మాత్రం అన్నాడు. క్యాబిన్‌లో కూర్చున్నాడు. ఏరు వచ్చింది. మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే కూత మొదలుపెట్టాడు. పొడుగ్గా, ఆపకుండా. నా కొండల్లో అంత కూత ఎప్పుడూ వినపడలేదు. మలుపులో ఆయన చెయ్యి బ్రేకు మీదికి పోయి, ఆగింది. పెదవులు కదిలాయి.

"గంగులమ్మా, పక్కకి తప్పుకో తల్లీ."

రైలు దాటింది.

గౌరునాయుడు లైనుకు వెళ్లాడు. వెళ్లి ఊరుకోలేదు, అర్జీ మీద అర్జీ పెట్టాడు. అసలు లోయలో ఆ మలుపుకు ముందు ఇప్పుడు కూత వేయమని పసుపు బోర్డు పాతారట. ఆ వార్త విని నేను పొంగిపోయాను. నా బుద్ధి అంతే. అసలు చోటు మారితే నకలు చెల్లదని తట్టలేదు. కొత్తగా పాతిన బోర్డుతో, కొత్త వీడియోతో రోహిణి ఇంకో లోయను చేసి తెచ్చింది. నన్ను తెరల మీంచి తీసేశారు.

డిలీట్ చేయడానికి ఇమ్మానుయేలు గారికి చేతులు రాలేదు. ఇప్పుడు నేను ఆయన బల్ల సొరుగులో, ఒక పాత హార్డ్ డిస్కులో, దగ్గుబిళ్లల పక్కన ఉన్నాను. ఇక్కడ వాన లేదు, గేదెలు లేవు. భయం మాత్రం ఉంది. నాలో ఆ మలుపు అలాగే ఉంది, రాయి ఉంది, దాని వెనక ఏమీ లేదు. మలుపుకు ముందు బోర్డు కూడా లేదు. ఎప్పుడైనా, ఎవరైనా నన్ను తెరిచి నడిపితే ఒక్కటే వేడుకుంటున్నాను. ఏరు కనిపించగానే కూత వేయండి.