తల్లికోడి లేచినంత సేపు

ధరల గురించి తిట్టుకోవడానికి మా వీధిలో ఒక వరుస ఉంది. ముందు బస్సు చార్జీ, ఆ తర్వాత నీళ్ల పన్ను, ఆ తర్వాత చెత్తబండికి కట్టే రుసుము, ఆసుపత్రిలో చీటీ. కరెంటు దగ్గరికి వచ్చేసరికి నోరు నొప్పెట్టి ఎవరింటికి వాళ్లు పోతారు. వీధి చివర హ్యాచరీ ఇంట్లో మాత్రం ఈ వరుస చెల్లదు. అక్కడ కరెంటుతోనే మొదలు, కరెంటుతోనే ఆఖరు. మిగతావి ఎంత పెరిగినా మనిషి సర్దుకుంటాడు. బస్సు మానేసి నడుస్తాడు, మందు సగం వేసుకుంటాడు. గుడ్డుకి మాత్రం ఈ నెల కాస్త సర్దుకోవే అని చెప్పలేం కదా.

హ్యాచరీ అనగానే పెద్ద షెడ్డూ తెల్లకోట్లూ ఊహించుకోకండి. ఇంటి ముందుగదిలో బీరువా అంత చెక్క మెషిను ఒకటి, అంతే. లోపల వరసగా ట్రేలు, అడుగున నీళ్ల పళ్లెం, వేడి తీగలు, గాలి తిప్పే చిన్న ఫ్యాను, తలుపుకి గాజుపలక, దాని వెనక థర్మామీటరు. ఎవరో గుడ్లు తెచ్చి ఇస్తారు. వాటిని ఇరవై ఒక్క రోజులు వెచ్చగా ఉంచి, పూటపూటకీ అటూ ఇటూ తిప్పి, పిల్లలు చేసి ఇవ్వడం వీళ్ల పని. ఆ మెషిను ఇంటి పెద్దాయన తన చేతుల్తో బిగించుకున్నది. ఆయన పోయాక కొడుకు చేతికి వచ్చింది. కొడుక్కి ఇంకో పని రాదు. బొత్తిగా రాదు, గోడకి మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే రకం. ఇంట్లో ఉండేది ముగ్గురే, అతనూ, వాళ్లమ్మా, పెళ్లామూ. ఆ ముగ్గురి తిండీ ఆ చెక్క పెట్టెలోంచే రావాలి.

పాత రేట్లలోనే వచ్చేది అంతంతమాత్రం. అలాంటిది ఒక నెల రేటూ పెరిగింది, దానికి తోడు వీళ్ల మీటరుని చిన్న పరిశ్రమ కిందినుంచి తీసి, యూనిట్టుకి ఎక్కువ పడే వ్యాపారం కింద వేశారు. కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని కరెంటాఫీసుకి వెళ్లాడు.

"పిల్లల్ని అమ్ముతావా లేదా?" అన్నాడు గుమాస్తా.

"నేను అమ్మనండీ. గుడ్లు తెచ్చినాయనే తీసుకెళ్తాడు. నేను పొదిగి ఇస్తాను, అంతే."

"ఊరికే పొదుగుతావా?"

"కూలి తీసుకుంటానండీ."

"మరి వ్యాపారమే కదయ్యా."

"అలాగైతే కోడి కూడా వ్యాపారస్తురాలే కదండీ!"

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. పక్క బల్లవాళ్లని పిలిచి ఆ మాట మళ్లీ అనిపించాడు. అందరూ నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని, "పైనుంచి వచ్చిన రేటు బాబూ, నా చేతుల్లో ఏముంది. అర్జీ పెట్టుకో. అర్జీ రుసుము కూడా పెరిగింది, చూసుకో" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైగా వెళ్లేటప్పుడు ఒక మంచిమాట కూడా చెప్పాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ యూనిట్టు మరీ ప్రియమట, ఆ కాసేపు ఏదైనా ఆపుకోగలిగితే కలిసొస్తుందట. కొడుకు తల ఊపి వచ్చేశాడు.

ఆ వారం ఇంట్లో యుద్ధమే. కోడలు నీళ్లు కాచుకుంటే తప్పు, ఫ్యాను కింద కూర్చుంటే తప్పు. వెళ్లిన గదిలో లైటు వేస్తే మొగుడు వెనకాలే వచ్చి ఆపేవాడు. చివరికి ఒకరోజు ఆమె స్టీలు గిన్నె నేలకేసి కొట్టి, "పెళ్లి ఆ పెట్టెనే చేసుకోవాల్సింది మీరు! నన్నెందుకు చేసుకున్నారు?" అంది. అతను అనకూడని మాట ఏదో అన్నాడు. ఆమె రెండురోజులు మాట్లాడలేదు.

మధ్యలో నలిగింది అత్తగారు. ఆవిడ మాట మెత్తన కాదు, మనసు మాత్రం మహా మెత్తన. ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టి తేల్చి చెప్పేసింది. "ఈ ఇంట్లో ఇకమీదట కరెంటు అన్న మాట ఎవరి నోట వచ్చినా వాళ్లకి ఆ పూట తిండి లేదు. నా నోట వచ్చినా సరే. బిల్లు వస్తే వస్తుంది, కడితే కడతాం. కొట్టుకు చావద్దు."

మంచి కట్టడి అనిపించింది అందరికీ. నిజంగానే ఇల్లు నెమ్మదించింది. ముగ్గురూ వానల గురించీ పక్కింటి కుక్క గురించీ మాట్లాడుకుంటూ తినేవారు. మొగుడూ పెళ్లాలు మళ్లీ ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. కరెంటు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాకు ఆ ఇంటి మీద కోపం వచ్చేది ఇక్కడే. కొట్టుకుంటూ ఉన్నా బాగుండేది.

అప్పుడే ఫారం ఆయన వచ్చాడు. ఏళ్ల తరబడి వీళ్లకి గుడ్లిచ్చే పెద్ద ఖాతాదారు ఆయనొక్కడే, మిగిలినవాళ్లు అరడజనూ డజనూ తెచ్చే చిల్లర బేరగాళ్లు. మెషిను నిండా గుడ్లు పేర్చాక ముంగిట్లో నిలబడి మొహమాటంగా చెప్పాడు.

"తమ్ముడూ, ఊరవతల కొత్త హ్యాచరీవాళ్లు జనరేటర్లు పెట్టారు, నీకంటే తక్కువకి చేస్తామంటున్నారు. నాన్నగారి మొహం చూసి ఇన్నాళ్లూ నీ దగ్గరికే వచ్చాను. ఈ విడత చూస్తాను. పిల్లలు బాగా దిగితే ఏడాదంతా నీకే. లేదంటే నన్నేమీ అనుకోకు."

"బాగా దిగుతాయన్నా. చూడండి మీరే" అన్నాడు కొడుకు. లోపల తలుపు వెనక కోడలూ, వంటగదిలో అత్తగారూ ఆ మాట విన్నారు. ఇక ఆ ఇంట్లో ముగ్గురి ప్రాణాలూ ఆ ట్రేల మీదే.

వారం గడిచాక కొడుకు ఒక్కో గుడ్డునీ బల్బు ముందు పెట్టి చూశాడు. లోపల ఎర్రటి నరాలు అల్లుకుని, మధ్యలో నల్లటి చుక్క కదులుతోంది. ఖాళీవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇంత మంచి విడత ఈమధ్య కాలంలో లేదు. "అమ్మా, చూడవే" అని వాళ్లమ్మని పిలిచి చూపించాడు. పెళ్లాన్ని భుజం పట్టుకుని వంచి మరీ చూపించాడు. ఆ పూట ఇంట్లో అందరూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

ఆ ధైర్యమే కొంప ముంచింది. పెద్దాయన బతికుండగా కరెంటు పోయినప్పుడల్లా కంగారుపడే వాళ్లకి ఒకటే చెప్పేవాడు: తల్లికోడి కూడా రోజుకోసారి మేతకి లేస్తుంది, అది లేచినంత సేపు గుడ్డు ఓర్చుకుంటుంది, గాబరా పడకండి. ఆ మాట ముగ్గురికీ నోటికి వచ్చు. ఆ మాట నిజం కూడా.

అత్తగారు అందరికంటే ముందు లేస్తుంది. తెల్లవారకముందే ముందుగదిలోకి వెళ్లి, గాజుపలక మీద చెయ్యి ఆనించి, మనసులోనే మొగుడికి ఒక దండం పెట్టుకుని మెషిను స్విచ్చి ఆపేది. పొయ్యి మీద నీళ్లు కాచి, వాకిలి ఊడ్చేవరకూ. కొడుకు లేచే అలికిడి వినగానే మళ్లీ వేసేది. వాడి మీద భారం అంత తగ్గినా తగ్గినట్టే కదా అని ఆవిడ తృప్తి. వాడికి చెబితే ఒప్పుకోడు, పైగా కరెంటు మాట ఎత్తకూడదని కట్టడి పెట్టింది తనేనాయె.

మధ్యాహ్నం మొగుడు సైకిలెక్కి సరుకులు తేవడానికో బాకీల కోసమో వెళ్లాక, అత్తగారు కునుకు తీసే వేళ కోడలు ఆపేది. ఎండ వేళ కదా, గది ఎలాగూ వెచ్చగానే ఉంటుంది అనుకునేది. గిన్నె నేలకేసి కొట్టిన తప్పు ఆమెని లోపల తొలుస్తూనే ఉంది. ఆయనకి చెప్పకుండా ఆయనకో మేలు చెయ్యాలని ఆమె పంతం. బట్టలు ఉతికి ఆరేసి వచ్చి మళ్లీ వేసేది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ కొడుకు ఆపేవాడు. గుమాస్తా చెప్పింది అతని చెవిలో మోగుతూనే ఉంది. ఆడవాళ్లిద్దరూ పెరట్లో ఉండగా ఆపి, లోపలికి వచ్చేలోగా వేసేవాడు. వాళ్లకి తెలిస్తే బెంగపడతారని.

ముగ్గురూ వేరువేరుగా ఒకటి గమనించారు. స్విచ్చి ఆపబోయే ముందు చూస్తే పాదరసం ఉండాల్సిన గీత కంటే ఒక్కోసారి కొంచెం దిగి ఉండేది. ఓల్టేజి లేదు కాబోలు అనుకుంది అత్తగారు. మెషిను పాతదైపోయింది అనుకుంది కోడలు. కొడుకైతే వేడి తీగల్ని విప్పి శుభ్రం చేశాడు కూడా. ఒక్కరు నోరు విప్పి, ఇదేంటి ఇలా ఉంది అని అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే మాట ఎక్కడికి పోతుందో ముగ్గురికీ తెలుసు. తల్లికోడి రోజుకి ఒక్కసారి లేస్తుంది. ఈ ఇంట్లో మూడుసార్లు లేచింది.

చివరి మూడు రోజులు గుడ్లని తిప్పరు. అంతకుముందు ఇంకోసారి బల్బు ముందు పెట్టి చూశాడు కొడుకు. అన్నీ నిండుగా నల్లగా కనిపించాయి. నిండిందే చూశాడు గానీ, బతికుందో లేదో నలుపులో తెలియదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున్న ముగ్గురూ మెషిను ముందు చేరారు. ఈపాటికి లోపల గోల గోలగా ఉండాలి. ఎప్పుడూ ఆ కిచకిచలకే ఇంట్లో నిద్ర లేస్తారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఒక్కోసారి ఒక పూట ఆలస్యం అవుతుంది" అన్నాడు కొడుకు. మధ్యాహ్నానికి రెండు మూడు గుడ్ల మీద బీట కనిపించింది. కోడలు చప్పట్లు కొట్టింది. ఒకదాంట్లోంచి ముక్కు కొస బయటికి వచ్చి, ఒకసారి తెరుచుకుంది. ఆ తర్వాత కదల్లేదు. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. మర్నాడంతా అలాగే గడిచింది.

ఆ మర్నాడు ఫారం ఆయన బుట్టలతో వచ్చాడు. గాజులోంచి చూసి, తలుపు తీసి, ఒక గుడ్డు తీసుకుని బల్ల అంచున కొట్టి పెంకు వలిచాడు. లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంది. బొచ్చు, గోళ్లు, మూసిన కళ్లు, అన్నీ ఉన్నాయి. ఇంకోటి వలిచాడు. ఇంకోటి. కోడలు మొహం తిప్పేసుకుంది.

"కరెంటు ఎక్కువసేపు పోయిందా తమ్ముడూ?" అన్నాడాయన. ఆ మాట ఆ ఇంట్లో పైకి వినపడి ఎన్నాళ్లో అయింది.

"లేదన్నా. ఒక్క నిమిషం పోలేదు" అన్నాడు కొడుకు.

అత్తగారు కొంగుతో మొహం కప్పుకుంది. "వాణ్ణేమీ అనకండి బాబూ. నేనే పాపిష్టిదాన్ని. తెల్లారగట్ల కాసేపు ఆపేదాన్ని. వాడికి తెలీదు."

"అత్తయ్యా! మీరు ఆపారా?" కోడలు గోడకి ఆనుకుని కిందికి జారింది. "మధ్యాహ్నం నేను ఆపాను కదత్తయ్యా."

ఇద్దరూ కొడుకు వైపు చూశారు. అతను తెరిచి ఉన్న మెషిను తలుపు మూశాడు. తర్వాత, "సాయంత్రం నేను" అన్నాడు. అంతే అన్నాడు.

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికి ఒక్క మనిషి దొరికినా ఆ ఇంటికి ఊపిరాడేది. ఫారం ఆయన చేతులు తుడుచుకున్నాడు. "గుడ్ల ఖరీదు అడగను తమ్ముడూ. నీ పరిస్థితి నాకు అర్థమవుతోంది" అన్నాడు. ఏడాది సంగతి ఆయన ఎత్తలేదు, వీళ్లూ అడగలేదు. ఖాళీ బుట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొడుకు పెరట్లో గొయ్యి తవ్వాడు. కోడలు ట్రేలు ఒక్కొక్కటే మోసుకొచ్చి వంచింది. అత్తగారు మన్ను కప్పింది. పని అయ్యాక చేతులు కడుక్కుని ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. మెషిను నడుస్తోంది. లోపల గుడ్డు లేదు, ట్రే లేదు. ఫ్యాను తిరుగుతోంది, తీగలు ఎర్రగా ఉన్నాయి, పాదరసం సరిగ్గా గీత మీద నిలబడింది.

"ఎవరైనా లేచి దాన్ని ఆపండమ్మా" అంది అత్తగారు కాసేపటికి.

కోడలు తల దించుకుంది. కొడుకు స్విచ్చి వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు, అవి ఒళ్లో అలాగే ఉన్నాయి. చీకటి పడింది. దీపాలు పెట్టే వేళ వచ్చింది, యూనిట్టు ప్రియమైన వేళ. ఖాళీ పెట్టె వెచ్చగా నడుస్తూనే ఉంది. ముగ్గురిలో ఒక్కరు కూడా లేవలేదు.