పడితే చెప్పే ఫోను

నేను ఒక సెల్‌ఫోన్‌ని. పుట్టి ఏడాది కూడా నిండలేదు, అయినా మా లోకంలో నన్నప్పుడే పాత సరుకు అంటున్నారు. అననీ. నన్నొక మనిషి నమ్మాడు, ఆయన కన్నా ఎక్కువగా ఆయన కూతురు నమ్మింది. ఆ నమ్మకం ఏమైందో చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు. వింటే వినండి, లేదంటే నన్ను బోర్లా పెట్టి మీ పని చూసుకోండి.

నేను పుట్టింది ఊరి బయట ఒక పెద్ద షెడ్డులో. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నా లోపలి భాగాలు బిగించారు. అందులో బియ్యపుగింజంత ముక్క ఒకటుంది. నేను ఎటు ఒరిగానో, ఎంత వేగంగా కదిలానో, ఎప్పుడు కింద పడ్డానో దానికి తెలిసిపోతుంది. పడితే కనిపెట్టడం నాకు పుట్టుకతోనే వచ్చు. పడ్డారని పదిమందికి చెప్పే అనుమతి మాత్రం కంపెనీ నాకివ్వలేదు. అది తర్వాత అప్‌డేట్‌లో పంపుతారట. డబ్బా మీద మాత్రం "మీరు పడితే మీవాళ్లకు చెప్పే ఫోను" అని వేలెడేసి అక్షరాలతో అచ్చేశారు. పక్కనే ఒక చిన్న నక్షత్రం గుర్తు. దాని వివరణ డబ్బా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: త్వరలో. డబ్బా తిరగేసి చదివే తీరిక మనుషులకు లేదని కంపెనీకి బాగా తెలుసు.

నన్ను కొన్నది మారగోని నవనీత. భువనగిరి దగ్గర ఒక పల్లెలో జాకెట్లు కుడుతుంది. కొన్నది తన కోసం కాదు, తండ్రి ఉప్పలయ్య కోసం. ఆయన గీత కార్మికుడు. జారకుండా పట్టి ఉంచే మోకుతాడు నడుముకు వేసుకుని పొద్దునా సాయంత్రం తాటిచెట్లెక్కి కల్లు దించుతాడు. అంతకు ముందటేడు అదే ఊళ్లో ఇంకో గౌడ్ చెట్టు మీది నుంచి పడి, ఎవరూ చూడక మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి ప్రాణం వదిలాడు. పొద్దున్నే ఎవరైనా చూసి ఉంటే బతికేవాడని ఊరంతా అన్నారు. ఆ మాట నవనీత మనసులో ముల్లులా ఉండిపోయింది.

"అక్కా, గా ఫీచర్ ఇప్పుడైతే లేదు గని, వచ్చే నెల అప్‌డేట్ల పక్కా వస్తది. నాది గ్యారంటీ," అన్నాడు షాపులో సేల్స్‌మన్. అతని గ్యారంటీ షాపు గుమ్మం దాటలేదు.

ఇంటికి తీసుకెళ్లగానే నవనీత నాలో "ఆపదలో ఎవరికి చెప్పాలి" అన్న చోట తన నంబరు రాసింది. గీత కత్తులు పెట్టుకునే నడుంపట్టీకి చిన్న జేబు కుట్టి నన్నందులో దోపింది. ఫీచర్ వచ్చేదాకా తనే ఒక ఏర్పాటు చేసింది.

"చెట్టు దిగంగనే నాకు మిస్డ్ కాల్ కొట్టాలె నాయినా. ఒక్క చెట్టు కూడ ఇడవద్దు."

"ఏందే బిడ్డా, బడి పిల్లల లెక్క హాజరు చెప్పాల్నా నీకు?" అని ఉప్పలయ్య విసుక్కున్నాడు.

విసుక్కున్నాడే గానీ కొట్టాడు. పద్నాలుగు చెట్లు, పద్నాలుగు మిస్డ్ కాల్స్. అక్కడ మిషను మీద కూర్చున్న నవనీత ఒక్కో కాల్‌కూ బల్ల మీద సుద్దతో ఒక గీత గీసేది. గీతకూ గీతకూ మధ్య కాస్త ఆలస్యమైతే చాలు, కుట్టు ఆపి నాకు చేసేది. ఆయన ఎత్తకపోతే పక్క తాటివనంలో చెట్లెక్కే వీరాస్వామికి చేసేది. "ఉప్పలన్నా, నీ బిడ్డ నన్ను చెట్టు మీద గూడ నిమ్మళంగ ఉండనిస్తలేదు," అని ఆయన నవ్వుతూ మొత్తుకునేవాడు. నాకైతే ఆ పిల్ల చాదస్తం నచ్చింది. నేను చేయలేని పని అది చేస్తోంది మరి.

మొదటి అప్‌డేట్ వచ్చింది. ఆశగా తెరిస్తే ఏడ్చే పిల్లి బొమ్మలు. రెండోదాంట్లో ముఖాన్ని పదేళ్లు చిన్నగా చూపించే సోకు. మూడోదాంట్లో గుండ్రటి బొత్తాలు పలకలయ్యాయి, అంతే. దసరాకన్నారు. దీపావళి వెళ్లాక అన్నారు. ఆ తర్వాత "దశలవారీగా" అన్నారు. ఎన్ని దశలో ఎవడికీ తెలియదు. నవనీత రోజూ పొద్దున లేవగానే నా సెట్టింగ్స్ తెరిచి చూసేది, మూసేది. ఒకరోజు ఒళ్లు మండి కస్టమర్ కేర్‌కు చేసింది. అరగంట సంగీతం వినిపించాక ఒకావిడ పలికింది.

"మీ సహనానికి ధన్యవాదాలు మేడమ్."

"నా సహనం సంగతి ఇడిసిపెట్టున్రి. మా నాయిన రోజుకు రెండు పూటల చెట్టెక్కుతడు. మీ అప్‌డేట్ వచ్చెదాక ఆయన కాలు జారకుంట ఆగుతదా?"

ఆవిడ ఫిర్యాదు రాసుకుంది. దానికొక పొడుగాటి నంబరు వచ్చింది. ఆ నంబరు ఇప్పటికీ నాలో భద్రంగా ఉంది.

చలి ముదిరాక చెట్ల మీద మంచు నిలవసాగింది. ఒక పొద్దున నాలుగో చెట్టు దిగుతుండగా ఉప్పలయ్య కుడికాలు జారింది. జానెడే. మోకు ఆపింది. ఆయన చెట్టును కరుచుకుని కాసేపు అలాగే ఉండి, మెల్లగా దిగి, ఎప్పట్లాగే మిస్డ్ కాల్ కొట్టాడు. నవనీత ఎప్పట్లాగే గీత గీసి ఉంటుంది. ఆ వారంలోనే మళ్లీ జారింది. తర్వాతి వారం మూడుసార్లు. వనంలో కుంటుతూ నడిచేవాడు, ఇల్లు కనబడగానే నడక సరిచేసుకునేవాడు. కూతురికి తెలిస్తే చెట్టు మాన్పిస్తుందని ఆయన భయం. ఆ జారుళ్లన్నీ నాకు తెలుసు. ఏది ఎప్పుడు, ఎంత ఎత్తులో, అన్నీ నా లోపల ఉన్నాయి. నోరు విప్పే అనుమతి లేక, ఆయన నడుముకు వేలాడుతూ, ప్రతి చెట్టుకూ బిక్కుబిక్కుమంటూ ఎక్కాను, దిగాను.

మాఘంలో ఒక పొద్దున, ఉప్పలయ్య మోకు సర్దుకుంటుండగా, అది వచ్చింది. నవనీత చూసి వాకిట్లోకి ఎగిరి దూకింది.

"వచ్చింది నాయినా, వచ్చింది!"

"ఏదే?"

"పడితే చెప్పేది! ఇగ నువ్వు మిస్డ్ కాల్ కొట్టుడు బంద్. ఏమన్న అయితే ఇదే నాకు చెప్తది. ఇది సప్పుడు చేయలేదంటే నువ్వు మంచిగున్నట్టే."

"బతికిచ్చినవ్ బిడ్డా," అని ఆయన హాయిగా నవ్వాడు.

నవనీత బొత్తాం నొక్కింది. నాలోకి కొత్త సరుకు దిగుతోంది, పచ్చగీత మెల్లగా జరుగుతోంది. ఎండెక్కితే కల్లు పులుస్తుందని ఆయన తొందరపడ్డాడు. దారిలో అదే అయిపోతుందిలే అనుకుని, పని సగంలో ఉండగానే నవనీత నన్ను ఆయన నడుం జేబులో పెట్టింది. అయ్యో తల్లీ, ఇంకాసేపు ఆగవే అని అరవాలనిపించింది. ఏడు నెలలు ఆగిన పిల్ల ఆ కాసేపు ఆగలేకపోయింది.

వచ్చింది లోపల కుదురుకోవాలంటే నేను ఒకసారి ఆరిపోయి మళ్లీ వెలగాలి. మొదటి రెండు చెట్లకూ తెలివితోనే ఉన్నాను. మిస్డ్ కాల్ లేదు కాబట్టి ఆయన చెట్టు దిగగానే ఇంకో చెట్టు దగ్గరికి నడిచాడు. మూడోది సగం ఎక్కాడు. అప్పుడు నా తెర నల్లబడింది.

ఇరవై ఆరు నిమిషాలు.

లేచేసరికి నేను అడ్డంగా పడి ఉన్నాను. నా మీద బరువు. చుట్టూ తడి గడ్డి. తెర మీద రంగుకాగితాలు ఎగిరాయి: "శుభాకాంక్షలు! ఇకపై మీరు పడితే మీవాళ్లకు మేం చెబుతాం." నేను ఆత్రంగా వెతికాను. ఏమీ దొరకలేదు. నేను మేలుకున్నప్పటి నుంచి ఎవరూ పడలేదు కదా! ఆయన జారిన ప్రతిసారీ నాకు తెలుసు, ఆ ఒక్కటి తప్ప. నా లెక్క ప్రకారం అక్కడున్నది పడిన మనిషి కాదు, పడుకున్న మనిషి. ఆయన ఊపిరి మాత్రం నాకు తగులుతోంది. గంట గడిచాక నాలోని ఆరోగ్య సలహా ఒకటి తెర మీదికి వచ్చింది: "మీరు గంటసేపుగా కదల్లేదు. లేచి కాస్త నడవండి." ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఇంటి దగ్గర నవనీత ఆ పొద్దు రెండు జాకెట్లు కుట్టింది. ఫోను మోగలేదు, అంటే నాయిన క్షేమం. ఎన్నో నెలల తర్వాత ఆ రోజే నెమ్మదిగా కూర్చుని టీ తాగానని తర్వాత తనే చెప్పుకుని ఏడ్చింది. పదిన్నరకు అటుగా వచ్చిన వీరాస్వామి "ఉప్పలన్నా!" అని పెట్టిన కేక నేను మరిచిపోలేను. ఆస్పత్రిలో డాక్టరు "రెండు గంటల ముందు తెచ్చి ఉంటే..." అని ఆపేశాడు. సాయంత్రానికి ఆయన పోయాడు.

మూడో రోజు కంపెనీ పలకరించింది: "కొత్త అప్‌డేట్ మీకు నచ్చిందా?" నవనీత దాన్ని వేలితో పక్కకు తోసేసింది. వచ్చినవాళ్లందరితో "మిస్డ్ కాల్ నేనే వద్దన్న, నేనే వద్దన్న" అని గుండెలు బాదుకుంది. కంపెనీ పేరు ఒక్కసారీ ఎత్తలేదు. తప్పును తమ నెత్తిన వేసుకోవడం మనుషులకే వచ్చు.

నెల గడిచింది. ఆయన నంబరుకు కల్లు కోసం ఇంకా ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. అందుకని నవనీత నన్ను చార్జింగ్ చేసి మిషను బల్ల చివర పెడుతుంది. నిన్న మధ్యాహ్నం ఆమె పొడుగాటి గుడ్డ ఒకటి లాగితే దాంతో పాటు నేనూ జారి బండల మీద పడ్డాను. మిషను చప్పుడులో ఆమెకు వినబడలేదు. పడ్డచోటే కదలకుండా ఉన్నాను. నా లోపలి ముక్క లేచింది. వద్దు, వద్దు అనుకున్నాను. ఆపడం నా చేతుల్లో లేదు. ఇప్పుడు దానికి అనుమతి ఉంది.

నవనీత ఫోను గట్టిగా మోగింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: "ఉప్పలయ్య కింద పడ్డారు. కదలడం లేదు. వెంటనే వెళ్లండి."

ఆమె కత్తెర వదిలేసి, "వస్తున్న నాయినా!" అని అరుస్తూ, చెప్పులైనా వేసుకోకుండా తాటివనం వైపు పరుగెత్తింది.