పదేళ్ళ తర్వాతి అడుగులు

పొద్దున ఏడున్నరకి చెవులమ్మ మంచం అంచున కూర్చుని ఎడమ కాలు ముందుకి చాపుతుంది. ఆమె భర్త స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆ కాలికి సాక్సు తొడిగి, చెప్పు పట్టీ బిగిస్తాడు. కుడికాలి సంగతి ఆమే చూసుకుంటుంది. రెండేళ్ళుగా ఇదే వరస. మొదట్లో నడుం పట్టేసిందని చెప్పింది, తర్వాత చలికని చెప్పింది, ఎండలు ముదిరేసరికి సాకులు అయిపోయి ఊరుకుంది.

"లోకంలో అందరి తుంటీ నీకు తెలుసు. నీ తుంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు పెగలదు," అన్నాడాయన.

"బిగించింది చాల్లెండి, పట్టీతో పాటు కాలు కూడా ఊడొచ్చేట్టుంది."

ఆమె ఆస్పత్రిలో తుంటి విభాగంలో ఫిజియోథెరపిస్టు. యాభై నాలుగేళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, డాక్టర్ల దగ్గర్నుంచి లిఫ్టు నడిపే మనిషి దాకా అందరూ చెవులమ్మ అనే పిలుస్తారు. దానికి కారణం ఆ విభాగంలోని వరండా.

పెద్ద వరండా ఏం కాదు. రాతి నేల, ఒక పక్క కిటికీలు, చివర బయటికి దిగడానికి ఐదు మెట్లు. అందులో ఎవరు నడిచినా వినిపించేది ఇవాళ్టి అడుగుల చప్పుడు కాదు, పదేళ్ళ తర్వాత ఆ మనిషి నడవబోయే నడక చప్పుడు. నడిచేవాళ్ళకి వాళ్ళది వినపడదు, పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడుతుంది. అది కూడా సన్నగా, గోడ అవతల ఎవరో తిరుగుతున్నట్టు. "నేల తడిగా ఉంటే సరిగ్గా పలకదమ్మా, కాస్త ఆరనివ్వండి," అంటుంది తుడిచే ఆవిడ. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పద్ధతి ఏమిటంటే, రోగి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి. ఏ ఆపరేషన్ కాగితం జేబులో ఉంటే దాని తర్వాతి నడక వినిపిస్తుంది. చెవులమ్మ కళ్ళు మూసుకుని విని, రిజిస్టర్లో ఒక్క మాట రాస్తుంది. సమం, లేకపోతే కుంటు, లేకపోతే కర్ర. ఎప్పుడో ఒకసారి ఏ చప్పుడూ వినపడదు. అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసి, రోగికి మంచినీళ్ళిచ్చి, ఎండ గురించో వాన గురించో మాట్లాడుతుంది.

ఇరవై రెండేళ్ళుగా వింటూ వింటూ ఆమెకి కొన్ని సంగతులు అర్థమయ్యాయి. రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, కెమెరా పంపి లోపల సరిచేసే కీహోల్ ఆపరేషన్ ఇరవైల్లో ఉన్నవాళ్ళకి చాలావరకు సమంగానే పలుకుతుంది. నలభైల్లో వాళ్ళకి అటూ ఇటూ. యాభై దాటి, అప్పటికే కీలు అరిగిపోయినవాళ్ళు నడిస్తే మాత్రం చాలాసార్లు మధ్యలో కర్ర వినిపిస్తుంది. అలాంటివాళ్ళు కొన్నేళ్ళకే తిరిగొచ్చి కీలు మొత్తం మార్పించుకుంటారు.

ఇన్ని తెలిసిన మనిషి తన దాకా వచ్చేసరికి కీహోలే కావాలని పట్టుబట్టింది. పెద్ద డాక్టరు ఎక్స్-రే వెలుతురుకి పట్టి చూపించాడు.

"చూశారుగా, ఎడమ కీలులో సందే లేదు. ఎముక ఎముకని రాసుకుంటోంది. ఇది మీరే ఇంకొకరికైతే ఏం చెప్తారు?"

"ఇంకొకరి సంగతి వదిలెయ్యండి. చిన్న గాటైతే తొందరగా పనిలోకి వచ్చేస్తాను."

"వరండాలో నడిచారా?"

"నడుస్తాన్లెండి."

నడవలేదు. రెండేళ్ళుగా ఆమె ఆ వరండాలో అడుగే పెట్టలేదు. వెనకవైపు వాలుదారి ఎక్కి, మందుల గది చుట్టూ తిరిగి వరండా మొదట్లో ఉన్న తన బల్ల దగ్గరికి చేరుతుంది. మెట్లు ఎక్కలేక అనుకుంటారు అందరూ. అదీ నిజమే. కానీ ఆమె అసలు భయం వేరు. తన గడి ఖాళీగా మిగిలితే? ఎవరో తనకి మంచినీళ్ళిచ్చి వాన గురించి మాట్లాడితే? సంతకం పెట్టిన కీహోల్ కాగితం ఎనిమిది రోజులుగా చేతిసంచిలో నలుగుతోంది. ఆపరేషన్ సోమవారం. ఇవాళ శుక్రవారం.

ఆ రోజు పదేళ్ళ పరీక్షకి ఇద్దరు రావాలి. ఇద్దరికీ పదేళ్ళ కిందట ఒకే వారంలో కీహోల్ జరిగింది.

మొదట ఆటల టీచరు వచ్చింది. అప్పుడు పంతొమ్మిదేళ్ళ పిల్ల, బంతి తన్నబోయి తుంటిలో కలుక్కుమని వచ్చింది. ఇప్పుడు మెడలో విజిల్, మొహం నిండా ఎండ. మోకాలు ఛాతీకి ఆనించి చూపించింది, ఒంటికాలి మీద గెంతి చూపించింది, వద్దన్నా వినకుండా గుంజీలు తీసింది.

"చాలు తల్లీ, నువ్వు బాగున్నావని నమ్మాను. నాకు ఆయాసం వస్తోంది," అంది చెవులమ్మ. పాత రిజిస్టర్ తీసి చూస్తే సమం అని ఉంది. ఆమె ఆ మాట మీద టిక్కు పెట్టింది.

దాని కింది వరసలో కూడా సమం అనే ఉంది. అది రావాల్సిన రెండో మనిషి, టైలరుది. చెవులమ్మ ఆ వరస మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

టైలరు పదకొండింటికి వచ్చాడు. అరవై ఒకటో ఏడు, మెళ్ళో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేశాడు. చేతిలో కర్ర ఉంది. కుర్చీలో కూర్చోడానికి ముందు కర్ర చేర్చి, తర్వాత ఒక చెయ్యి ఆన్చి, తర్వాత మెల్లిగా ఒంగాడు.

"మూడేళ్ళు బ్రహ్మాండంగా ఉందమ్మా. నాలుగో ఏడు మొదలైంది పోటు. తగ్గుతుంది తగ్గుతుందని మెషిన్ తొక్కుతూనే ఉన్నాను. ఇంకో రెండేళ్ళు అలా ఈడ్చాను. చివరికి వేరే ఆస్పత్రిలో కీలు మార్చారు. అప్పటికే కాలి కండ కరిగిపోయిందన్నారు. అందుకే ఈ కర్ర." ఆయన నవ్వాడు. "పోనీలెండి. వరండా కూడా మనలాంటిదే, ఒక్కోసారి పొరబడుతుంది."

చెవులమ్మ పెన్ను కింద పెట్టింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆయన అంత మంచిగా వరండాని క్షమించేస్తుంటే ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు.

"వరండా పొరబడలేదు టైలరు గారూ. ఆ రోజు నాకు కర్ర వినిపించింది. స్పష్టంగా వినిపించింది. మీరు స్కూలు యూనిఫాంలు ఒప్పుకున్నానని, నెలన్నరలో మెషిన్ ఎక్కాలని బతిమాలారు. మీ మొహం చూసి సమం అని రాశాను. డాక్టరు గారు నా మాట నమ్మారు."

టైలరు చాలాసేపు టేపుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకెళ్ళారు.

"నిజం చెప్పుంటే ముందే మార్పించుకునేవాణ్ణి," అన్నాడు చివరికి. "మూడేళ్ళ నొప్పి, ఒక కర్ర తప్పేవి."

"తప్పేవి."

"జాలిపడ్డారన్నమాట."

"జాలే. దానికి నా దగ్గర వేరే పేరు లేదు."

ఆయనకి కోపం వచ్చింది, అది మెడ దాకా ఎర్రగా కనపడింది. ఇక వెళ్ళిపోదామని కర్ర అందుకున్నాడు. ఆయన్ని సాగనంపుదామని ఆమె కూడా లేవబోయింది. ఎడమ కాలు పట్టేసి, బల్ల అంచు పట్టుకుని సగంలో ఆగిపోయింది. చేతిసంచి జారి కింద పడి, అందులోంచి మడత కాగితం బయటికొచ్చింది. ఇలాంటి కాగితాన్ని టైలరు ఒకప్పుడు తన జేబులోనే పెట్టుకున్నాడు, చదవకుండానే పోల్చుకున్నాడు.

"మీకూ ఇదేనా? ఏ వైపు?"

"ఎడమ. సోమవారం కీహోల్."

"నడిచారా?"

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నడవలేదన్నమాట. సరే, రండి. నేను వింటాను," అన్నాడాయన.

"మీ వల్ల కాదండీ, దానికి చెవి కావాలి."

"నలభై ఏళ్ళు మెషిన్ చప్పుడు విని, సూది ఎక్కడ వంకర పోతోందో చెప్పినవాణ్ణమ్మా. మీ కాలు నాకో లెక్కా? రండి."

రెండేళ్ళ తర్వాత చెవులమ్మ ఆ రాతి నేల మీద కాలు పెట్టింది. కాగితం జేబులో పెట్టుకుని, కిటికీల వెలుగులోంచి ఆ చివరి దాకా కుంటుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చింది. ఆమెకి తన ఇవాళ్టి చెప్పుల ఈడ్పు తప్ప ఇంకేం వినపడలేదు. టైలరు ఆమె బల్ల దగ్గరే కూర్చుని, అచ్చం ఆమెలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏమైనా వినపడిందా?" అందామె. "అసలు వినపడిందా లేదా, అది చెప్పండి చాలు."

"వినపడకేం. మీరు నిక్షేపంగా ఉన్నారు." ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె గోడకి చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆమె స్థిమితపడేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు. "కానీ కర్ర ఉందమ్మా. నాకు జాలి లేక కాదు చెప్పడం."

"తెలుసు," అంది ఆమె. నిజానికి ఆ మాట ఆమెకి ఎనిమిది రోజులుగా తెలుసు.

బల్ల సొరుగులోంచి రెండో కాగితం తీసింది, కీలు మార్పిడిది. సంతకం పెట్టింది. కీహోల్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్తదాన్ని జేబులో పెట్టుకుంది. మళ్ళీ నడిచింది. ఈసారి తిరిగొచ్చేసరికి టైలరు కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి.

"రెండు కాళ్ళూ ఒకటే బరువు. కర్ర లేదు. ఒక్కటే తేడాగా ఉందమ్మా. మీరు ఆ చివర ఆగి ఇటు తిరిగారు కదా? ఆ చప్పుడు ఆగలేదు."

"అంటే?"

"మెట్లు దిగింది. ఐదు మెట్లూ. గబగబా, ఎవరో బయట కేకేసి పిలుస్తున్నట్టు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇరవై రెండేళ్ళుగా రోగులు తన మొహంలోకి అలాగే చూస్తూ వచ్చారని అప్పుడు తెలిసింది.

"నిజంగానా? నేను మీకు రాసినట్టు కాదు కదా?"

టైలరు పాత రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, పదేళ్ళ కిందటి తన వరసలో సమం అన్న మాట కొట్టేసి కర్ర అని రాశాడు. తర్వాత ఇప్పటి రిజిస్టర్ తెరిచి, అన్నిటికన్నా కింద ఆమె వరస ఒకటి గీసి, పెన్ను గట్టిగా నొక్కి, కుట్టు వేసినంత జాగ్రత్తగా సమం అని రాసి ఆమె ముందుకి తోశాడు.