సున్నం లేని ఇల్లు

"మన కెటిల్ చూడమ్మా, కొని పదకొండేళ్ళయింది. లోపల మొహం చూసుకోవచ్చు. అసలు మన ఇంట్లో నీళ్ళకి సున్నమే రాదు," అన్నాడు ఎకార్ట్, ఆదివారం కాఫీకి వచ్చిన తల్లితో.

వంటింట్లో ప్లమ్ కేకు కోస్తున్న అతని భార్య రోస్విత చేతిలో కత్తి ఆగింది. వూర్ట్స్‌బుర్గ్‌లో నీళ్ళకి సున్నం రాకపోవడమేమిటి? ఊరి కింద రాయంతా సున్నపురాయి. పంపు తిప్పితే వచ్చేది సగం నీళ్ళు, సగం కొండ. ఎదురింటివాళ్ళ కెటిల్లో పెచ్చులు టీతోపాటు కప్పులోకి దిగుతాయి. తన ఇంట్లో దిగవు. ఎందుకు దిగవో ఈ మనిషికి పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి అనుమానం కూడా రాలేదు. కెటిల్లో వారానికోసారి వెనిగర్ మరిగించేది ఆమె. కాఫీ మెషీన్‌కి నెలకోసారి మందు పట్టించి, ఆ వాసన పోయేదాకా నాలుగు దఫాలు మంచినీళ్ళు తిప్పేది ఆమె. షవర్ తలకి వెనిగర్ నింపిన ప్లాస్టిక్ సంచి కట్టి రబ్బరు బ్యాండ్ వేసేది, పంపుల మూతి జాలీలు విప్పి పాత టూత్‌బ్రష్‌తో తోమేది, బట్టల మెషీన్‌లో నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా తిప్పేది, గిన్నెల మెషీన్‌లో ఉప్పు అయిపోయిందని ఎర్రలైటు వెలగకముందే పోసేది ఆమె. అతను స్నానం చేసి ఈల వేసుకుంటూ బయటికి వస్తాడు. వెనకాలే ఆమె వెళ్ళి అద్దం మీది చుక్కలు ఆరకముందే రబ్బరు పట్టీతో లాగేస్తుంది. ఆరితే మచ్చ. మచ్చ పడితే, "ఈమధ్య నీకు ఇంటి మీద ధ్యాస లేదు రోస్విత."

ఒకసారి చెప్పింది కూడా, ఇదంతా నేను చేస్తున్నాను కాబట్టే అలా ఉంది అని. అతను నవ్వాడు. "అదీ ఒక పనేనా? వెనిగర్ పోస్తే అదే కరుగుతుంది. నువ్వు పక్కన నిలబడితే చాలు." అత్తగారు వంత పాడింది. "మా రోజుల్లో అయితే చేత్తో గీకేవాళ్ళం. ఇప్పుడు అన్నీ సీసాల్లోనే దొరుకుతున్నాయి, మీకింకేం కష్టం?"

కష్టం చేతులకి వచ్చింది. రోస్విత ఫిజియోథెరపిస్టు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నడుములూ మెడలూ ఆ చేతులతోనే సరిచేసింది. గత చలికాలం నుంచి వేళ్ళ సందుల్లో చర్మం చిట్లుతోంది. రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే దద్దుర్లు, వేసుకోకపోతే మంట. చర్మం డాక్టరు ఆ చేతులు తిరగేసి చూసి, "మీరు ఆసిడ్‌తో పని చేస్తారా?" అని అడిగాడు. ఇంటిపనేనని ఆమె అంటే, ఆయన దాన్ని కాగితం మీద రాయలేదు. "అది మానెయ్యండి. లేదంటే ఈ వృత్తి మానెయ్యాలి," అన్నాడు. క్లినిక్‌లో ఒక ముసలాయన ఆమె చెయ్యి వీపుకి తగలగానే ఉలిక్కిపడ్డాడు. "ఏమీ అనుకోకండి, గరుగ్గా ఉంది," అన్నాడు పాపం. మర్నాటి నుంచి క్లినిక్ యజమానురాలు ఆమెని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టింది. వేసవి అయ్యేలోపు చేతులు నయం కాకపోతే ఆ కుర్చీయే ఖాయమన్నమాట.

అందుకే కింద అంతస్తులో ఉండే పోయిఫర్ గారు బిల్డింగు మొత్తానికి సెల్లార్లో నీళ్ళలో సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ ఒకటి పెట్టిద్దామని ఇళ్ళ యజమానుల మీటింగు కాగితంలో రాయించినప్పుడు, రోస్వితకి ఏడుపొచ్చినంత పనైంది. పోయిఫర్ గారి బట్టల మెషీన్ లోపలి కడ్డీ సున్నం పట్టి రెండుసార్లు కాలిపోయింది. ఆవిడ బాధ ఆవిడది. ఇళ్ళు ఎనిమిది, ఓట్లు ఎనిమిది. నాలుగిళ్ళవాళ్ళు ముందే సరేనన్నారు, ఇక ఎకార్ట్ చెయ్యెత్తితే చాలు. గురువారం పొద్దున బ్రెడ్డుకి వెన్న రాస్తున్న అతని ముందు రెండు చేతులూ చాపి, "ఈసారి ఒప్పుకో, నా ఉద్యోగం పోతుంది," అంది. అతను చేతులు చూశాడో లేదో. "సరే సరే, చూద్దాంలే," అన్నాడు. ఆ "సరే" మీద ఆమె ఆ పూటంతా బతికింది.

మీటింగు ఆ సాయంత్రమే, ఎప్పటిలాగే మూల మీది వైన్ హోటల్ వెనకగదిలో. ప్రతి ఏడూ అతనొక్కడే వెళ్ళేవాడు. "మీటింగుకి ఇద్దరెందుకు? ఇంట్లో ఒకరుండాలి," అనేది అత్తగారు. ఈసారి రోస్విత కూడా కోటు వేసుకుంటే అతను వింతగా చూశాడు.

బిల్డింగు మేనేజరు త్సేండర్ గారు సాఫ్ట్‌నర్ సంగతి చదివి, దాన్ని సెల్లార్లో నీళ్ళ పైపు పక్కన పెట్టాలని చెప్పింది. ఆ మాట వినగానే ఎకార్ట్ గ్లాసు కింద పెట్టాడు. ఆ పైపు పక్కన ఉన్నవి అతని సిల్వానర్ వైన్ సీసాల అరలు.

లేచి నిలబడ్డాడు. "పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం ఈ బిల్డింగులో. మా ఇంట్లో కెటిల్, షవర్, మెషీన్లు, వచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. కొత్తవాటిలా ఉన్నాయి. సమస్య నీళ్ళది కాదండీ, అలవాట్లది. కొంచెం శుభ్రంగా ఉంటే ఈ ఖర్చంతా దేనికి?"

ఒకరిద్దరు తలూపారు. పోయిఫర్ గారి మొహం ఎర్రబడింది. రోస్విత ఒళ్ళో చేతులు బల్ల కిందే ఉండిపోయాయి. ముందు సిగ్గేసింది, ఆ పెద్దావిడని తన ఇంటి శుభ్రతతో కొట్టినందుకు. తర్వాత కోపం వచ్చింది. తను చేసిన చాకిరీని తీసుకెళ్ళి తనకే అడ్డం వేస్తున్నాడు. ఇన్నేళ్ళూ తను తోమి తోమి మెరిపించింది ఈ వాదన కోసమా?

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అంది త్సేండర్ గారు.

పోయిఫర్ గారు ఎత్తింది. పై అంతస్తు దంపతులు, మరో రెండిళ్ళవాళ్ళు ఎత్తారు. రోస్విత ఎత్తింది. ఎర్రటి చారలున్న ఆ చెయ్యిని గదిలో అందరూ చూశారు.

"దించు," అన్నాడు ఎకార్ట్ పెదవి కదపకుండా. ఆమె దించలేదు. వద్దనేవాళ్ళ వంతు రాగానే అతను ఎత్తాడు, ఇంకో ముగ్గురితో పాటు.

త్సేండర్ గారు కళ్ళజోడు సర్దుకుంది. "మీ ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. ఓటు మాత్రం ఒకటే. మీరిద్దరూ కలిసి ఒక మాట చెప్పాలి. మీది వద్దు అయితే నాలుగూ నాలుగూ, ప్రతిపాదన వీగిపోయినట్టే. చెరొక మాట చెబితే మీ ఓటు చెల్లదు, లెక్కలోకి రాదు."

"వద్దు అనే రాసుకోండి," నవ్వుతూ అన్నాడు ఎకార్ట్. "మా ఆవిడతో ఇంటికెళ్ళి నేను మాట్లాడతాను."

"ఇంటికెళ్ళి మాట్లాడేది ఏమీ లేదండీ," అంది రోస్విత. "ఆయనది వద్దు. నాది కావాలి. మా మాట ఒకటి కాదు. అలాగే రాసుకోండి."

కలం కాగితం మీద ఒక గీత గీసింది. "ఓట్లు ఏడు. కావాలన్నవి నాలుగు, వద్దన్నవి మూడు. నెగ్గింది," అంది త్సేండర్ గారు. పోయిఫర్ గారు బల్ల మీంచి వంగి రోస్విత మోచెయ్యి పట్టుకుంది.

దారిలో నది గాలి కొడుతోంది. వంతెన దగ్గర ఎకార్ట్ కోటు కాలరు పైకెత్తుకున్నాడు. "పదిమందిలో మన ఓటు పోగొట్టావు," అన్నాడు.

"మన ఓటు ఎప్పుడుంది ఎకార్ట్?" అంది రోస్విత, నడక ఆపకుండా. "పంతొమ్మిదేళ్ళుగా నువ్వు వేసింది నీ ఓటే. ఇవాళ అది చెల్లలేదు, అంతే."