కత్తిబండి మీద దిమ్మెలు

యంత్రం నెగ్గితే నాన్న ఉద్యోగం నిలుస్తుంది. ఓడిందా, ఈ రోజే ఆఖరు.

మెటియాబ్రుజ్‌లోని నసీర్ భాయ్ కుట్టు కార్ఖానాలో ఆదాము చాలా ఏళ్లుగా కటింగ్ మాస్టర్. ఈ మధ్య కుడి భుజం పట్టేసి చెయ్యి లేవడం లేదు. వేరే మాస్టర్‌ని చూసుకుంటానని నసీర్ భాయ్ మొహమాటపడుతూనే చెప్పేశాడు. అప్పుడు దిగింది కూతురు రేబెకా. మోటార్లను నడిపించే కంట్రోలర్లే ఆఫీసులో ఆమె పని. సెలవు పెట్టి వచ్చి, కటింగ్ బల్ల పొడవునా పట్టాలు వేసి, వాటి మీద కత్తిని మోసే బండి అమర్చింది. నాన్న బట్ట పరిస్తే చాలు, కోత బండే చూసుకుంటుంది.

మొదటి కోత గీత తప్పకుండా వచ్చింది. నసీర్ భాయ్ మాత్రం పెదవి విరిచాడు. ఈద్ సరుకు నెత్తి మీదుంటే ఈ నత్తనడక ఎలాగన్నాడు.

రేబెకా ల్యాప్‌టాప్‌లో త్వరణం పెంచింది. అడుగడుగుగా తిరిగే ఈ స్టెప్పర్ మోటారు మెల్లగా వేగం అందుకుంటే చెప్పిన చోటికి చెప్పినట్టు పోతుంది. తొందరపెడితే అడుగు తప్పుతుంది. తప్పినట్టు కంట్రోలర్‌కు తెలియదు. తను పంపిన అడుగులే లెక్కేసుకుంటూ పోతుంది. అందుకే బండి బరువుకు మోటారు ఎంత తట్టుకుంటుందో సరిగ్గా అంతవరకే పెంచి, కొత్త దొంతర మీద బండిని నడవనిచ్చి, మొదట కోసిన ముక్కలు చూపించడానికి నసీర్ భాయ్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

బండి కుదుపుతో కదిలింది. బల్ల వణికింది. కటింగ్ మాస్టర్లకు ఓ అలవాటుంది. బల్ల మీద ఏది కదిలినా ఇనుప దిమ్మె పెట్టి నొక్కేస్తారు, బట్ట జారకుండా. బండి మలుపు దగ్గర ఆగగానే ఆదాము రెండు దిమ్మెలు దాని నెత్తిన పెట్టాడు.

మోటారు గుర్రుమంది. రేబెకా పరుగున వచ్చి ఆపేసింది. కత్తి చొక్కా చంక దగ్గర ఉందంటోంది ల్యాప్‌టాప్ తెర. నిజానికి అది నాలుగు వేళ్లు వెనక ఉంది. బట్ట దొంతర మొత్తం ఛాతీ దగ్గర అడ్డంగా తెగిపోయింది.

"ఏటి నాన్నా, దిమ్మెలెవరు పెట్టారు?"

"ఒణుకుతంటే నేనే ఎట్టినానే. కుదురుగా ఉంటాదని."

నసీర్ భాయ్ తెగిన బట్ట చేతిలోకి తీసుకున్నాడు. ఈ యంత్రాన్ని ఇప్పుడే బయటికి మోయించమన్నాడు. రేబెకాకు రోషం వచ్చింది. యంత్రం తప్పేమీ లేదంది. దిమ్మెలు తీసేసి, అదే వేగంతో పాత గుడ్డ మీద నడిపి చూపించింది. కోత గీత మీదే వచ్చింది.

నసీర్ భాయ్ ఆ గుడ్డ తెగిన అంచు వెంట వేలు పోనిచ్చి చూశాడు.

"అయితే బండి ఉండనీ దీదీ. పాడైన బట్టకి అదే చెల్లు. పరచడానికి ఎవరైనా చాలు."

ఆదాము వైపు అతను చూడలేదు.

తను నిరూపించిందేమిటో రేబెకాకు అప్పుడు తెలిసింది. వేగం పెంచింది తనేనని, బండి మీద బరువు పెట్టకూడదని ముందే చెప్పనిది తనేనని గబగబా చెప్పుకొచ్చింది. ఎవరూ వినలేదు. బండి విప్పుకుని పోతానంటూ స్క్రూడ్రైవర్ అందుకుంది.

ఆదాము ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు గుంటా. ఈద్ సరుకు ఆగిపోద్ది."

ఇస్త్రీ చేసే మనిషి అప్పటికే వచ్చి బల్ల దగ్గర ఆదాము చోట్లో నిలబడ్డాడు. ఏ మీట నొక్కాలని అడిగాడు. రేబెకా చూపించింది. వెనక గుమ్మం దగ్గర నాన్న చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది.