ఒక్కరోజు లైబ్రరీ

మా పక్క ప్రైవేటు స్కూళ్లకు లైబ్రరీ ఏడాదికి ఒక్కరోజే ఉంటుంది. ఆ లైబ్రరీ నాది.

మార్కాపురం బస్టాండు వెనక సందులో పాత పుస్తకాల దుకాణం నడుపుతున్నాను. పేరు మాల్యాద్రి. చదువు ఏడో తరగతి, అదీ పరీక్ష రాయకుండా. సొంతూరు అర్ధవీడు దగ్గర. గొర్రెల వెనక నడవడానికి మనిషి చాలక మా నాయన నన్ను బడి మాన్పించాడు. ఆయన్ని తిట్టుకోవడం ఎప్పుడో మానేశాను. తిట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారని ఈ వ్యాపారంలోకి వచ్చాక తెలిసింది.

వ్యాపారం ఇట్లా ఉంటుంది. స్కూలు గుర్తింపు రెన్యువల్‌కి ఆఫీసర్లు వస్తారు. స్కూల్లో లైబ్రరీ ఉండాలి. ఉండదు. ముందురోజు కరస్పాండెంట్ నాకు ఫోన్ చేస్తాడు. నేను పుస్తకాలు గోతాల్లో కట్టి ఆటోలో వేసుకుపోయి ఖాళీ ర్యాకుల్లో సర్దుతాను. వాళ్ల అటెండరు ప్రతి పుస్తకం మొదటి పేజీ మీద స్కూలు ముద్ర గుద్దుతాడు. ఆఫీసరు వస్తారు, చూస్తారు, ఫోటో తీస్తారు, భోంచేస్తారు. సాయంత్రానికి పుస్తకాలు మళ్లీ నా గోతాల్లో ఉంటాయి. నా దగ్గర ఒక లావుపాటి నిఘంటువు ఉంది. దాని మొదటి పేజీలో ముద్ర మీద ముద్ర పడి తెల్లకాగితం కనిపించదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు పిల్లలంతా చదివి చదివి అరగదీసిన పుస్తకమని ఎవరైనా అనుకోవాలి. ఇంతవరకు దాన్ని తెరిచింది ముద్ర గుద్దినవాళ్లే.

సతీష్ సార్ స్కూలు వీటన్నిటిలోకి పెద్దది. మిగతావాళ్లలా ఆయన నాకు పుస్తకాల అద్దె ఇవ్వడు. బదులుగా మా అమ్మాయి మహేశ్వరికి ఫీజు లేకుండా సీటు ఇచ్చాడు. ఇప్పుడు తొమ్మిది. వచ్చే ఏడు పదో తరగతి. దాన్ని అక్కడే పది దాటించాలని నేనూ నా భార్యా అనుకున్నాం. అందుకే ఇన్నేళ్లూ ఆయన ఏమన్నా నోరు మూసుకుని గోతాలు మోశాను.

పోయిన వానాకాలం ఒక మూతబడ్డ హాస్టలు సామాను కొంటే అందులో ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పితే మందపాటి అట్టలు, నున్నటి కాగితం, పేజీపేజీకీ రంగు బొమ్మలు. అన్నీ ఇంగ్లీషే. అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు కింద ఉన్న రోజుల్లో అక్కడి జనం ఎట్లా బతికారో పిల్లలకు చెప్పే పుస్తకాలు. రాజుల గురించి కాదు, యుద్ధాల గురించి కాదు. ఒకటి వంటింటి గురించి, ఒకటి బట్టల గురించి, ఒకటి బడి గురించి, ఒకటి జబ్బులూ మందుల గురించి. ఇట్లాంటి పుస్తకాలు కూడా వేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. మా గొర్రెలోళ్ల వంటింటి గురించి ఎవడన్నా పుస్తకం వేశాడా?

మహేశ్వరి స్కూలు నుంచి దుకాణానికి వచ్చి గైడ్ల కట్ట మీద కూర్చుని ఆ పుస్తకాలు చదివేది. చదివి నాకు తెలుగులో చెప్పేది. ఎద్దు కొవ్వు కాచి కొవ్వొత్తులు పోసుకునేవాళ్లట. బూడిద నీళ్లలో కొవ్వు ఉడికించి సబ్బు చేసుకునేవాళ్లట. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు కూర్చుని తింటుంటే పిల్లలు బల్ల పక్కన నిలబడి తినేవాళ్లట.

ఒకరోజు మా అమ్మ నాగేంద్రమ్మ నెయ్యి తీసుకుని ఊరి నుంచి వచ్చింది. మహేశ్వరి ఆమెకు ఒక బొమ్మ చూపించింది. ఒక తెల్ల ఆమె గొర్రెను ఒళ్లో అదుముకుని బొచ్చు కత్తిరిస్తోంది.

"ఎవురిదే ఈ గొర్రె? బొచ్చు బాగుంది" అంది అమ్మ.

"అమెరికా గొర్రె, జేజీ."

"అమెరికానా ఇది?" అమ్మ పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "కట్టెల పొయ్యి, బొచ్చు వడకడం, బాయిలో నీళ్లు చేదడం. దీనికా ఒగొగుడు విమానాలెక్కి ఎగబడేది? ఈ మాత్రానికి అర్ధవీడులో ఉంటే సాలదంటనా?"

"ఇప్పుడు కాదు జేజీ, అప్పుడు."

"అప్పుడైతే మాత్రం? మొగుడు యాడబోయినాడు? గొర్రెను పట్టుకోను రాడా?"

మహేశ్వరి చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. నేను నవ్వడం చూసి మా అమ్మ ఆశ్చర్యపోయింది.

వంటింటి పుస్తకంలో ఒక పెద్ద బొమ్మ ఉంది. రెండు పేజీల నిండా వంటగది. దొరసాని గరిటెతో రుచి చూస్తోంది. వస్తువు వస్తువుకూ గీత గీసి పేరు రాశారు. కాగు, గరిటె, చిలికే కవ్వం, మాంసం గుచ్చే ఊచ. మూలన ఒక నల్ల ఆమె రెండు చేతుల్లో నీళ్ల బకెట్లతో వంగి నడుస్తోంది.

"గరిటెకి పేరుంది నాయనా" అంది మహేశ్వరి. "ఈమెకు లేదు."

నేను బొమ్మంతా వెతికాను. నిజమే, లేదు.

అదే పెట్టెలో అన్నిటికంటే సన్నటి పుస్తకం ఒకటి ఆమెలాంటి వాళ్ల గురించే. ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చి అమ్మినవాళ్లు, ఓడ ఖర్చు కట్టలేక ఏళ్ల తరబడి చాకిరీ రాసిచ్చి వచ్చిన బీద తెల్లవాళ్లు, వాళ్లు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎవరి మాట వినకపోతే ఏమయింది. మహేశ్వరి దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. మిగతావి నాకు చెప్పినట్టు దాన్ని చెప్పలేదు. అడిగితే "నువ్వే చూడు నాయనా, బొమ్మలున్నాయిగా" అంది. చూశాను. అర్థమైంది.

ఇంతలో సతీష్ సార్ దుకాణానికి వచ్చాడు. మామూలుగా రాడు, ఫోనే. నాకన్నా చిన్నవాడు. నన్ను మామా అంటాడు. ఆ మామాలో మర్యాద ఉండదు, పని ఉంటుంది.

"మామా, గురువారం ఇన్‌స్పెక్షన్. ఈసారి మేడం కొత్తామె, గట్టి మనిషంట. సరుకు బాగుండాల." పెట్టె వైపు చూశాడు. "ఏందివి? భలే ఉన్నాయే! ఇవి ముందు ర్యాకులో పెట్టు."

"ఇవి ఇయ్యను సారూ. అమ్మాయి చదువుతా ఉంది."

"చదివేదేంది మామా, ఒక్కరోజుకి! నీ కూతురు చదివేది నా స్కూల్లోనే గదా. రేపు పదో తరగతి నా స్కూల్లోనే గదా."

ఆ మాట ఎప్పుడు వేయాలో ఆయనకు తెలుసు.

"సరే. అయితే వీటి మీద ముద్ర గుద్దగాకండి."

"గుద్దంలే. ఇంకోటి. లైబ్రేరియన్ కూడా ఉండాలంట. నువ్వే కూర్చో."

"నేనా? ఏడో తరగతి పరీక్షే రాయనోణ్ణి!"

"నీ మొహం మీద రాసుందా? ఇస్త్రీ చొక్కా వేసుకో, ప్యాంటులో దోపుకో, కళ్లద్దాలు పెట్టుకో. మాట్లాడగాకు. మాట్లాడకపోతే ఎవుడైనా ఎమ్మే చదివినోడిలాగే ఉంటాడు." తర్వాత మహేశ్వరి వైపు తిరిగాడు. "ఏమ్మా, మేడం అడిగితే నువ్వు లేచి ఇంగ్లీషులో చెప్పాల. ప్రతి శనివారం లైబ్రరీ పీరియడ్‌లో ఇక్కడే చదువుతాం అని. వచ్చుగా?"

మహేశ్వరి తల ఊపలేదు. ఆయన చూడలేదు.

గురువారం పొద్దున్నే ఆటో తీసుకుపోయి ర్యాకులు నింపాను. నేను ఇస్త్రీ చొక్కా మార్చుకుని వచ్చేలోపు అటెండరు యేసుదాసు ముద్రతో సిద్ధంగా ఉన్నాడు. అప్పటికే అమెరికా పుస్తకాలు సగం గుద్దేశాడు. వంటింటి పుస్తకంలో మొదటి పేజీ నిండా రంగుబొమ్మ ఉండటంతో ఖాళీ దొరకలేదనుకుంటాను. లోపల రెండు పేజీల బొమ్మ మీద, సరిగ్గా ఆ నీళ్లు మోసే ఆమె మీద గుద్దాడు. ఊదారంగు వలయంలో ఆమె తల కనబడకుండా పోయింది.

"ఏందన్నా ఇది?"

"సార్ గుద్దమన్నాడు మాల్యాద్రన్నా. ఒక్కటి కూడా వదలొద్దన్నాడు. నన్నేం చేయమంటావు?"

యేసుదాసుది కూడా నాలాంటి బతుకే. కుర్చీలో కూర్చున్నాను. కళ్లద్దాలు పెట్టుకున్నాను.

మేడం మధ్యాహ్నం ముందు వచ్చింది. సతీష్ సార్ పక్కనే నడుస్తూ ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ముందుగానే తెచ్చి బెంచీల మీద కూర్చోబెట్టారు. ఆ గదిలోకి రావడం వాళ్లకు అదే మొదటిసారి. కొందరు ర్యాకుల వైపు, బజారులో మిఠాయి చూసినట్టు చూస్తున్నారు.

మేడం నేరుగా ముందు ర్యాకు దగ్గరికి పోయి సన్నటి పుస్తకం తీసింది. తిరగేసింది.

"ఇది ఎవరైనా చదివారా?"

సతీష్ సార్ కన్ను సైగ చేశాడు. మహేశ్వరి లేచింది.

"నేను చదివాను మేడం."

"ఏముంది ఇందులో?"

మహేశ్వరి తెలుగులోనే చెప్పింది. చాకిరీ రాసిచ్చి ఓడెక్కిన ఒక పిల్ల గురించి చెప్పింది. గడువు తీరేలోపు ఏ చిన్న తప్పు చేసినా యజమాని ఇంకొన్ని నెలలు కలిపేవాడని చెప్పింది. బెంచీల మీద పిల్లలు కదలడం మానేశారు. మేడం కూడా పుస్తకం మూసి వింది.

"బాగా చెప్పావు. ప్రతి వారం ఇక్కడికొచ్చి చదువుతారా?"

"లేదు మేడం. ఈ పుస్తకాలు ఈ పొద్దే వచ్చినాయి. మా నాయన దుకాణంలోవి. సాయంత్రం ఎత్తుకపోతాం."

సతీష్ సార్ నవ్వు మొహంతోనే, "పిల్ల కంగారుపడింది మేడం. మా లైబ్రేరియన్ గారిని అడగండి" అన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో వచ్చే ఏడాది మొత్తం ఉంది.

మేడం నా వైపు తిరిగింది. "ఏమండీ, మీరేనా లైబ్రేరియన్? అమ్మాయి ఏమిటి అలా అంటోంది?"

ఒక్కమాట చాలు. పిల్ల పొరపాటు పడింది అంటే చాలు. పది దాటిపోతుంది. నా కూతురు నా వైపు చూడలేదు, ముందుకే చూస్తూ నిలబడింది. నేను అబద్ధం చెబుతానని అనుకుందో, చెప్పనని అనుకుందో ఇప్పటికీ అడగలేదు.

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాను.

"లైబ్రేరియన్ని కాదమ్మా. పాత పుస్తకాలోణ్ణి. అది నా బిడ్డ. నిజమే చెప్పింది."

ఏదో జరుగుతుందనుకున్నాను. ఆకాశం ఊడి పడుతుందనుకున్నాను. మేడం నిట్టూర్చి ర్యాకుల్లోంచి నా నిఘంటువు లాగి మొదటి పేజీ చూసింది.

"దీన్ని పోయిన వారం ఇంకో స్కూల్లో చూశాను" అంది, ఎవరితోనూ కాకుండా. "అంతటా ఇంతే. సరే సతీష్ గారూ, ఫోటో తీసి అప్‌లోడ్ చేద్దాం. ర్యాకులు నిండుగా కనబడాలి. నేను ముందు ల్యాబ్ చూసొస్తాను." అని పై అంతస్తుకు పోయింది.

అంటే అందరికీ తెలుసు. ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, యేసుదాసుకు తెలుసు. నిజం చెప్పినా, చెప్పకపోయినా ర్యాకులు నిండి ఉంటే చాలు. నాకు అప్పుడొచ్చినంత కోపం మా నాయన బడి మాన్పించినరోజు కూడా రాలేదు.

సతీష్ సార్ తలుపు దగ్గరకేసి నా మీదికి వచ్చాడు.

"మర్యాదగా బతకను చేతగాదా మామా నీకు? టీసీ రాసిస్తా, రేపొచ్చి తీసుకపో. నీ కూతురు రేపట్నించి ఈ గేటు తొక్కేది లేదు."

"సరే సారూ" అన్నాను. మూలనున్న గోతం దులిపి మూతి విప్పాను. "మరి నా సరుకు నేను తీసుకపోతా."

"ఇప్పుడా? ఫోటో కాలేదు!"

"ఫోటో మీది. పుస్తకాలు నాయి."

మొదటి ర్యాకు ఖాళీ చేస్తుంటే ఆయన గొంతు మారింది. "మామా... మామా, ఆగు. కోపంలో ఏదో అంటి. పదో తరగతి నాది పూచీ. ఒక్క గంట ఉంచు."

చేతులు ఆగాయి. ఆగలేదంటే అబద్ధం. వెనక్కి తిరిగి చూశాను. మహేశ్వరి అప్పటికే ముందు ర్యాకు దగ్గర నిలబడి అమెరికా పుస్తకాలు తీసి ఒక్కొక్కటే అట్టపెట్టెలో పెడుతోంది. నన్ను అడగలేదు. ఆయన్ని అడగలేదు.

"ఇదంతా దించినాక ఈ పిల్లకు మార్కాపురంలో ఏ స్కూల్లో సీటొస్తదో నేనూ చూస్తా!" అని అరిచాడాయన.

"గవర్నమెంటు బడి గేటు నువ్వు కట్టిచ్చినావా సారూ? అది తీసే ఉంటాది."

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక అమ్మాయి లేచి వచ్చింది. పేరు కావ్య అని తర్వాత తెలిసింది. "అంకుల్, మోసుకుపోయే ముందు ఒక్కటి చూడొచ్చా?" అంది.

"చూడమ్మా. కూర్చుని చూడు."

ఆ పిల్ల చూస్తుంటే ఇంకో నలుగురు వచ్చారు. సతీష్ సార్ కూర్చోండని అరిచాడు. కూర్చున్నారు, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని. యేసుదాసు తలుపు దగ్గర నిలబడి ముద్ర జేబులో వేసుకుని గోడ వైపు చూశాడు. పై నుంచి మేడం కేకేసే వరకు పిల్లల చేతుల్లోంచి నేను ఒక్కటీ లాక్కోలేదు. వాళ్లే తెచ్చి ఇచ్చారు. మేడం దిగేసరికి గదిలో ఖాళీ ర్యాకులే ఉన్నాయి.

ఫోటో ఎట్లాగో తీసుకున్నారట. పాఠ్యపుస్తకాలు, ఆన్సర్ షీట్ల కట్టలు పేర్చి, ముందు సతీష్ సార్ చేతులు చాపి నిలబడి. గుర్తింపు కూడా వచ్చింది. నేనేదో గెలిచానని ఎవరూ అనుకోవద్దు. ఈ చుట్టుపక్కల కరస్పాండెంట్లందరూ కలిసి నన్ను మానేశారు. అద్దె పోయింది. మహేశ్వరి ప్రభుత్వ హైస్కూలుకు నడిచి పోతోంది. బెంచీ ఇరుకని గొణుగుతుంది. నా భార్య నాగవేణి నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. నా వల్లే పిల్ల స్కూలు పోయిందంటుంది. నేను కాదనను.

ఆ ఊదారంగు ముద్రను మహేశ్వరి తడిగుడ్డతో రుద్దబోయింది. పోలేదు. అప్పుడు వలయం బయటికి గీత గీసి పెన్నుతో ఒక పేరు రాసింది. వాళ్ల జేజి పేరు.

మొన్న గిద్దలూరు నుంచి ఒక కొత్త స్కూలాయన ఫోన్ చేశాడు. మన సంగతి తెలియనట్టుంది.

"అన్నా, సోమవారం ఇన్‌స్పెక్షన్. ఒక్కరోజుకి లైబ్రరీ కావాల."

"ఒక్కరోజుకి ఇయ్యను" అన్నాను. "కొనుక్కో. కొని, తాళం తీసిపెట్టు. అట్లయితే నేనే వచ్చి సర్దిపోతా, కూలి కూడా వద్దు."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు.

ఉందన్నాను.