మూడో కుర్చీలోని గొంతు

మంగళవారం సాయంత్రం ఆరున్నరయ్యేసరికి చర్చి పక్క హాల్లో అందరూ చేరి వాయిద్యాలు శ్రుతి చేసుకుంటారు. పాటలు మూడువందల ఏళ్ల నాటివి, వాయిద్యాలూ అప్పటివే, శ్రుతి కూడా ఇప్పటికంటే అరమెట్టు కిందే. గొర్రె పేగుతో చేసిన తీగలు కాస్త చినుకు పడితే చాలు, అలిగి శ్రుతి తప్పుతాయి. రొట్టెల కొట్టు ఇర్మ్‌గార్డ్ కిటికీలు మూయమంటుంది, పోస్టుమాన్ తెరవమంటాడు. ఆ గొడవ తేలేలోపు ఎక్‌హార్డ్ గొంతు వచ్చి మూడో కుర్చీలో కూర్చుంటుంది.

"మనిషున్నప్పుడూ ఆలస్యమే, గొంతొక్కటే మిగిలినా ఆలస్యమే," అని గొణుగుతూనే ఇర్మ్‌గార్డ్ దాని ముందు పాటల పుస్తకం తెరిచి పెడుతుంది.

ఎక్‌హార్డ్ రోస్విత మొగుడు. రోస్విత మోకాళ్ల మధ్య గాంబా నిలబెట్టుకుని కమానుతో మంద్రస్వరాలు వాయిస్తుంది. క్రీస్తు కథ చెప్పే చోట అతను మాట్లాడుతున్నట్టే పాడుకుంటూ పోయేవాడు. వాక్యం అయ్యేదాకా ఆమె ఆగాలి, అయ్యాక రెండు స్వరాలు వాయించి ముగించాలి. తొమ్మిదేళ్ల కిందట, క్రీస్తును ఎరగనని బొంకిన పేతురు బయటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడన్న వాక్యం పాడి, ఆమె కమాను తీగల మీద ఆనించేలోపే అతను కుర్చీ వెనక్కి నెట్టి వెళ్లిపోయాడు. రోస్టాక్‌లో ఇంకో ఆవిడ ఉందని తర్వాత తెలిసింది.

మరుసటి మంగళవారం మనిషి రాలేదుగానీ గొంతు వచ్చింది. అదే వాక్యం దాకా పాడి, ముగింపు కోసం ఆగింది. రోస్విత కమాను ఎత్తి పట్టుకుందేగానీ వాయించలేదు. వాయిస్తే అది ఇక రాదని ఆమెకూ తెలుసు, అందరికీ తెలుసు. బృందాన్ని నడిపే ఫోల్కర్ గారు నిట్టూర్చి పేజీ తిప్పేశారు. అప్పట్నుంచీ అదే తంతు. అక్క కూతురి పెళ్లి మంగళవారం పడిందని రోస్విత ఆ పెళ్లికే పోలేదు. ఆ గొంతు పాటలో మాటలు తప్ప ఇంకో మాట పలికేది కాదు. అయినా ఎప్పుడో ఒకసారి తనను పేరు పెట్టి పిలవకపోతుందా అని ఆమె ఆశ.

ఈ మార్చిలో అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "నాకు మాట పోయి తొమ్మిదేళ్లయింది. నా గొంతు అక్కడే ఉండిపోయిందని తెలుసు, దాన్ని అడగడానికి ముఖం లేదు. పాపకు ఐదేళ్లు, పేరు మెర్లె. మొన్న రోడ్డు మీదికి పరిగెత్తింది. వెనక నుంచి పిలవలేకపోయాను. ట్రామ్ నడిపేవాడు చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది."

రోస్విత ఆ ఉత్తరాన్ని వారం రోజులు కోటు జేబులో పెట్టుకుని తిరిగింది. చివరికి సాధన మధ్యలో కాఫీ తాగేటప్పుడు ఇర్మ్‌గార్డ్‌కు చూపించింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివి, మడిచి, ఇచ్చేసింది.

"మూగోడిగానే ఉండనీవే. చేసుకున్నోడికి చేసుకున్నంత. ఆ గొంతూ పోతే నీకేం మిగుల్తుంది?"

"ఆ పిల్లేం చేసుకుందక్కా?" అంది రోస్విత.

ఇర్మ్‌గార్డ్ కాఫీ చల్లారిందని విసుక్కుంది.

కాఫీ అయ్యాక రోస్విత ఫోల్కర్ గారి దగ్గరికి వెళ్లి, పేతురు వాక్యం ఇంకోసారి పాడించమని అడిగింది. పాడించారు. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగితే ఆయన ఆమె మొహం చూసి, మళ్లీ మొదలుపెట్టమని చెయ్యి ఎత్తారు. ప్రతిసారీ గొంతు చివరి మాట దాకా వచ్చి ఆగింది. దాన్ని వదులుకోవాలంటే రోస్వితకు ప్రాణం పోతున్నట్టే ఉంది. నాలుగోసారి ఆమె కమాను దించి, రెండు స్వరాలూ నిదానంగా, నిండుగా వాయించింది.

మూడో కుర్చీలో ఇక ఎవరూ లేరు. ఫోల్కర్ గారు ఆ పూటకి చాలన్నారు.

ఆమె గాంబాను పెట్టెలో పెడుతుంటే సంచీలో ఫోన్ మోగింది.

"రోస్వితా," అన్నాడు ఎక్‌హార్డ్.

తొమ్మిదేళ్లు ఆ ఒక్క పిలుపు కోసమే ఎదురుచూసింది. ఇంకొక్కసారి అనమని అడగాలనిపించింది.

"నన్ను కాదు, పాపను పిలువు," అంది.

అతను ఫోన్ పక్కకు తిప్పి "మెర్లె" అన్నాడు. ఇంట్లోకి ఎవరో కొత్తమనిషి వచ్చాడనుకుందేమో, పిల్ల పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఈసారి చాలా దగ్గర్నుంచి "ఊఁ" అంది.

రోస్విత ఫోన్ పెట్టేసింది.